నాంపల్లి నుంచి కమాన్ బయల్దేరింది

అంజన్ కట్టిన కమాన్‌ను చూసి మొట్టమొదట బెదిరినవాడు ట్రాలీ ఆటో డ్రైవర్. వంగి చూశాడు. నాలుగడుగులు వెనక్కి వేసి తలెత్తి చూశాడు. తన బండి వంక జాలిగా చూసుకున్నాడు. ఇంకెక్కడో కిరాయి ఉందన్న సంగతి అప్పుడే గుర్తొచ్చిందని చెప్పి, వచ్చిన సందులోంచే రివర్స్‌లో వెళ్ళిపోయాడు.

అంజన్‌కు కోపం రాలేదు సరికదా, లోపల్లోపల గర్వంగా అనిపించింది. నాంపల్లి స్టేషన్ వెనక సందులో అతనిది సెట్టింగుల కార్ఖానా. పెళ్ళిళ్ళకు మండపాలు, వినాయక చవితికి గుహలు, కోరితే మంచుకొండలు కూడా కడతాడు. కానీ చూసినవాడు పారిపోయేంత గొప్ప సెట్టింగు ఇదే మొదటిది. రెండు లావాటి స్తంభాలు, వాటి మీద రెండు బురుజులు, బురుజుల మధ్య పెద్ద వంపు, వంపు నిండా నెమళ్ళు. లోపలంతా సన్నటి ఇనుప చట్రం, ప్లైవుడ్డు, థర్మోకోలు. దూరం నుంచి చూస్తే నిజాం కాలపు రాతి కట్టడంలాగే ఉంది. దగ్గర నుంచి చూసినా అలాగే ఉందని బబ్లూ అంటాడు. కానీ బబ్లూ అంజన్ బామ్మర్ది. ఆ నెమళ్ళు గీసిందీ అతనే.

కమాన్ వెళ్ళాల్సింది అబిడ్స్‌లోని బడికి. అంజన్ కూతురు స్నేహ అక్కడే ఏడో తరగతి చదువుతోంది. వార్షికోత్సవానికి పిల్లలు పాటల నాటకం వేస్తున్నారు, 'ముత్యాలపురి రాకుమారి' అని. రాకుమారి స్వయంవరంలో ఒక పరీక్ష పెడతారు. గొప్ప గొప్ప రాజులు వచ్చి ఓడిపోతారు. ఆఖరికి ఊరూ పేరూ తెలియని యువరాజు వచ్చి గెలుస్తాడు. ఆ యువరాజు స్నేహ.

ఇది చిన్న సంగతి కాదు. కిందటిసారి నాటకంలో స్నేహ మబ్బు. అంతకుముందు నాటకంలోనూ మబ్బే, కాకపోతే నల్ల మబ్బు. మబ్బుకు పాట ఉండదు, మాట ఉండదు, ముఖం కూడా కనిపించదు. ఈసారి నోరు తెరిచి పాడే వేషం వచ్చేసరికి ఆ పిల్ల ఇంట్లో తలుపేసుకుని, చీపురుకట్టను పట్టుకుని ఒకటే సాధన. ఏం చేస్తున్నావని తండ్రి అడిగితే స్టేజీ మీదనే చూడాలని చెప్పింది. కమాన్ కట్టే పని తనకే వచ్చిందని అంజన్ కూడా కూతురికి చెప్పలేదు. ఆమె కూడా స్టేజీ మీదనే చూడాలనుకున్నాడు. తండ్రీకూతుళ్ళు ఒకరికొకరు అలా సస్పెన్సు పెట్టుకున్నారు. కొంప ముంచింది ఆ సస్పెన్సే.

ఆ ఉదయం బడిలో చివరి రిహార్సల్. ప్రిన్సిపల్ లక్ష్మణరావుకు నాటకాల మీద మంచి అభిప్రాయం లేదు. వార్షికోత్సవం అంటే బహుమతులు, ఆ తర్వాత తన ప్రసంగం, దాని తర్వాత జనగణమన అని ఆయన నమ్మకం. రిహార్సల్‌కు సిద్ధంగా లేనిదేదైనా కత్తిరించేస్తానని చెప్పి ఉన్నాడు. పాటల టీచర్ సుష్మ పొద్దున్నే ఫోన్ చేసి అదే చెప్పింది. కమాన్ వేళకు రాకపోతే స్వయంవరం సీను ఎగిరిపోతుంది.

"మరి స్నేహ?" అని అడిగాడు అంజన్.

"యువరాజుకు ఇంకో సీన్ లేదు కదా అంజన్ గారూ. ఎనుక నిలబెడ్దాం అన్నరు సార్."

"ఎనుక అంటే?"

"మబ్బులు తక్కువ పడుతున్నయ్," అంది.

అంజన్ ఫోన్ జేబులో పెట్టుకుని కమాన్ వైపు చూశాడు. అది ఇలా ఇక్కడ నిలబడి ఉంటే లాభం లేదు. వంపు మధ్యలో అతుకు ఉంది, బోల్టులు విప్పితే రెండు ముక్కలవుతుంది, రెండు ముక్కల్ని ఏ బండిలోనైనా పంపొచ్చు. కానీ బబ్లూ ఉత్సాహం ఆపుకోలేక ఆ అతుకు మీద ప్లాస్టర్ పూసి, సరిగ్గా దాని మీదే అన్నిటికంటే పెద్ద నెమలిని దిద్దాడు. ఇప్పుడు విప్పితే నెమలి నిలువునా చస్తుంది. ఆ మాట ఎత్తగానే బబ్లూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇక మిగిలింది నడిపించుకుపోవడమే. గౌలిగూడ పాత సామాన్ల దుకాణంలో కొన్న దవాఖాన మంచాల చక్రాలు కార్ఖానాలో ఉన్నాయి. వాటిని స్తంభాల కింద బిగించారు. వినాయకుడి ఊరేగింపులో కరెంటు తీగలు ఎత్తడానికి వాడే పంగల కర్ర పట్టుకుని బబ్లూ ముందు నడిచాడు. సందులో పనిలేక కూర్చున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు పిలవకుండానే లేచి చెయ్యి వేశారు. కమాన్ నాంపల్లి స్టేషన్ రోడ్డెక్కింది.

స్టేషన్ రోడ్డు మీద సిగ్నల్ పడింది. ఆపారు. కమాన్ రోడ్డుకు అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడింది.

ఎవరైనా తిడతారేమోనని అంజన్ భయపడ్డాడు. ఒక్కరూ తిట్టలేదు. అదే వింత. జనం దాన్ని చూసి ఒక్క క్షణం కూడా ఆశ్చర్యపోలేదు. సిటీ బస్సు మర్యాదగా వేగం తగ్గించి దాని కిందనుంచి వెళ్ళింది. ఆ వెనకాలే ఆటోలు, స్కూటర్లు. ఒక ముసలమ్మ స్తంభాన్ని తాకి కళ్ళకు అద్దుకుంది. సంచి మోసుకుంటూ వచ్చిన ఒకాయన నీడ దొరికిందని కింద ఆగి మంచినీళ్ళు తాగాడు. ఇంకొకాయన ఇది ఏ బస్తీ కమాన్ అని అడిగాడు. అడిగిన ప్రశ్నకు జవాబివ్వకుండా ఉండలేని మనిషి బబ్లూ. కొత్త బస్తీ అన్నాడు. అక్కడ కిరాయికి ఇల్లు దొరుకుతుందా, నీళ్ళు రోజూ వస్తాయా అని ఆయన వివరాలు అడగడం మొదలుపెట్టాడు. బబ్లూ రోజు విడిచి రోజు వస్తాయని చెప్పాడు.

సిగ్నల్ మారింది. తోయండి అన్నాడు అంజన్. అప్పుడే మోటార్ సైకిల్ మీద రాజమల్లు వచ్చి అడ్డంగా ఆపాడు.

రాజమల్లు ఆ చుట్టుపక్కల లీడర్‌కు కుడిభుజం. లీడర్‌ను అందరూ 'అన్న' అనే పిలుస్తారు, పేరు పెట్టి పిలిచినవాడు లేడు. అన్న నిలువెత్తు ఫొటో ఉన్న ఫ్లెక్సీలు రాజమల్లు బండికి ఎప్పుడూ చుట్టలు చుట్టి కట్టి ఉంటాయి. ఎక్కడ ఖాళీ స్థలం కనిపించినా అతని చేతులు ఊరుకోవు.

"కమాన్ ఉత్తగ ఉంచుతరా ఎవరన్న?" అని అడిగాడు రాజమల్లు. నిజంగానే బాధపడుతున్నట్టు ఉన్నాడు.

ఇది బడి నాటకానికని, తొందరగా పోవాలని అంజన్ నచ్చజెప్పబోయాడు. బడికైతే మరీ మంచిదని, అన్నకు పిల్లలంటే పానమని రాజమల్లు అన్నాడు. అంజన్ నోరు మూసేలోగా ఫ్లెక్సీ విప్పడం, వంపుకు ఈ చివర నుంచి ఆ చివరకు కట్టడం అయిపోయింది. చేతులు జోడించి నవ్వుతున్న అన్న. కింద 'హార్దిక స్వాగతం'. పెద్ద నెమలి సరిగ్గా ఆయన ముక్కు వెనక దాగిపోయింది. బబ్లూ చూడలేక తల తిప్పుకున్నాడు.

అదృష్టమో దురదృష్టమో అన్న అప్పుడే ఎవరినో పరామర్శించి అటుగా వస్తున్నాడు. కారు కమాన్ కిందకు రాగానే తన ముఖం తనకే కనిపించింది. కారు ఆగింది. ఎక్కడిదో ఒక మిఠాయి డబ్బా రిబ్బన్ రెండు స్తంభాల మధ్యకు వచ్చింది, ఎవరిదో కత్తెర అన్న చేతికి వచ్చింది. ఆయన రిబ్బన్ కత్తిరించి, ఈ బస్తీ ప్రజలు ఎన్నో ఏళ్ళ సంది కమాన్ కోసం ఎదురు చూస్తున్నరని, ఆ కల ఈ రోజు నిజమైందని మాట్లాడాడు. చప్పట్లు పడ్డాయి. గుంపులో ఒక పెద్దమనిషి, ఈ కమాన్ కోసం తాను ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరిగాయని పక్కవాళ్ళకు చెప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. నీళ్ళ గురించి అడిగినాయన రోజూ వదలాలని అక్కడికక్కడే డిమాండ్ చేశాడు.

అంజన్ జేబులో ఫోన్ మోగింది. సుష్మ టీచర్. ప్రిన్సిపల్ గ్రౌండ్‌లోకి వచ్చేశాడు, రాకుమారి మొదటి పాట అయిపోయింది, మీరెక్కడున్నారు అని అడిగింది. వస్తున్నామని చెప్పి అంజన్ స్తంభానికి భుజం ఆనించాడు. రాజమల్లు చక్రానికి కాలు అడ్డం పెట్టాడు.

"యాడికి?"

"బడికన్నా. చెప్పిన గదా."

"ఓపెనింగ్ అయిన కమాన్ కదుల్తదా? యాడన్న చూసినవా?"

ట్రాఫిక్ కానిస్టేబుల్ కూడా వచ్చాడు. రోడ్డు మీద పెట్టినందుకు ఏమీ అనలేదు. ఓపెనింగ్ అయ్యాక తీయాలంటే మాత్రం పైనుంచి ఆర్డరు ఉండాలన్నాడు. గుంపు ఔనంది. చెప్పులు అరిగిన పెద్దమనిషి స్తంభాన్ని గట్టిగా కావలించుకున్నాడు.

స్నేహ కిరీటం పెట్టుకుని స్టేజీ పక్కన నిలబడి గేటు వైపు చూస్తూ ఉంటుంది. ఆ పిల్ల చేతికి మళ్ళీ దూది అతికించిన అట్టముక్క వస్తుంది. ఆ ఊహతో అంజన్‌కు ఎక్కడలేని తెగింపు వచ్చింది. నేరుగా అన్న దగ్గరకు వెళ్ళాడు.

"అన్నా, ఇప్పుడైంది సగం ఓపెనింగే. మిగిలిన సగం అబిడ్స్‌ల ఉన్నది. అక్కడ పిల్లలు మీ కోసం కూసున్నరు."

సగం ఓపెనింగ్ అంటే ఏంటని ఎవరూ అడగలేదు. అబిడ్స్‌లో ఇంకో చప్పట్ల గుంపు ఉందన్న మాట అందరికీ అర్థమైంది. రాజమల్లు కాలు తీసి తనే భుజం పెట్టాడు. ముందు బబ్లూ కర్ర, వెనక కమాన్, కింద కారు, చుట్టూ జనం. ఎక్కడినుంచో ఒక డప్పు కూడా వచ్చి కలిసింది. కానిస్టేబుల్ విజిల్ వేస్తూ దారి ఇప్పించాడు. పెద్ద పోస్టాఫీసు జీపీవో దాటే వేళకు ఆ ఊరేగింపు ఎందుకో తెలియకుండానే చాలామంది అందులో నడుస్తున్నారు.

బడి బస్సులు తిరిగే గేటు కాబట్టి కమాన్ పట్టింది. గ్రౌండ్‌లో సిమెంటు స్టేజీ మీద ముగ్గురు రాజులు మీసాలు తిప్పుతూ పాడుతున్నారు. డప్పు విని ఆపేశారు. కమాన్‌ను స్టేజీ మీదకు ఎక్కించి, చక్రాలు ఊడదీసి నిలబెట్టాక అంజన్ చెమట తుడుచుకుని సుష్మ టీచర్ కోసం చూశాడు. ఆమె చప్పట్లు కొడుతుందనుకున్నాడు.

ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇదేంది?"

"కమాన్, మేడం."

"కమాన్ అంటే తీర్ కమాన్ అంజన్ గారూ. బాణం ఏస్తరు చూడండి, అది. విల్లు. మా ఇంట్ల మా తాత కాలం నుంచి కమాన్ అంటే విల్లే."

"మా ఊర్ల మా తాత కాలం నుంచి కమాన్ అంటే గిదే మేడం. ఊరు మొదట్ల ఉంటది. బస్సు దిగంగనే కనపడ్తది."

ఇద్దరూ నిజమే చెప్పారు. ఆమెది సుల్తాన్ బజార్‌లో ఉర్దూ చదువుకున్న పెద్దల ఇల్లు. అతనిది మెదక్ వైపు పల్లె. ఫోన్‌లో ఆమె పెద్ద కమాన్ కావాలంది, రాజుల కాలం నాటిదిగా కనిపించాలంది, చూడగానే అమ్మో అనిపించాలంది. అతను ప్రతిదానికీ ఔనన్నాడు. ఒక్క మాట మీద ఇద్దరూ అంత చక్కగా ఏకీభవించారు కాబట్టే ఇంత దూరం వచ్చింది.

స్నేహ కిరీటం సర్దుకుంటూ వచ్చి కమాన్ కింద నిలబడింది. తలెత్తి చాలాసేపు చూసింది. ఏడవలేదు.

"మంచిగున్నది డాడీ," అంది. తర్వాత నెమ్మదిగా, "కానీ నేను దీన్ని లేపాలె. లేపి ఇరగ్గొట్టాలె. పాట గట్లనే ఉన్నది."

అంజన్‌కు చీపురుకట్ట సంగతి అప్పుడు అర్థమైంది.

లక్ష్మణరావు వచ్చాడు. కమాన్‌ను, ఫ్లెక్సీని, తన బడి గ్రౌండ్‌లో కూర్చుంటున్న జనాన్ని వరసగా చూశాడు. ఈ సీను ఇక్కడితో సరి అనడానికి నోరు తెరిచి, వెనక్కి తిరిగాడు. ఆయన కుర్చీలో అన్న కూర్చుని ఉన్నాడు, కార్యక్రమం ఎప్పుడు మొదలవుతుందని అడుగుతున్నాడు. లక్ష్మణరావు మూసిన నోరు మళ్ళీ తెరిచి, గొంతు తగ్గించి సుష్మతో తేల్చి చెప్పాడు. ఈ కమాన్ ఈ పిల్ల చేతుల్లో లేచి విరిగితే సీను ఉంటుంది. లేకపోతే రాకుమారి ముగ్గురు రాజుల్లో బాగా పాడినవాడి మెడలో దండ వేస్తుంది. ఆ మాట విన్న మూడో రాజు భానుతేజ వెంటనే మీసం సరిచేసుకున్నాడు.

అంజన్ బబ్లూను పక్కకు లాగాడు. స్తంభాలు లోపల బోలు. బోల్టులు బిగించడానికి వెనకవైపు పలక తీసి లోపలికి దూరే వీలుంది. ఒక స్తంభంలో తను, ఇంకో స్తంభంలో బబ్లూ. పిల్ల 'లేవవే' అని పాడగానే ఇద్దరూ లోపలి అడ్డకడ్డీలు భుజాన వేసుకుని లేపాలి. 'విరిగిపో' అనగానే చెరోవైపు వాలాలి. బోల్టులు ముందే విప్పేస్తే మధ్యలో ప్లాస్టర్ ఒక్కటే మిగులుతుంది, అది ఆగదు.

"మరి నెమలి బావా?"

"నీ కోడలు ముఖ్యమా, నెమలి ముఖ్యమా?"

బబ్లూ జవాబు చెప్పడానికి కొంచెం ఎక్కువ సేపే తీసుకున్నాడు. చివరికి కోడలే అన్నాడు. బోల్టులు విప్పారు. అంజన్ స్తంభంలోకి దూరి పలక మూసుకున్నాడు.

లోపల చీకటి, ఫెవికాల్ వాసన. బయటి మాటలన్నీ డబ్బాలోంచి వస్తున్నట్టున్నాయి. మొదటి రాజు వచ్చి పాడి, స్తంభం మీద చెయ్యి వేసి, లేవట్లేదని పాడి పోయాడు. రెండో రాజూ అంతే. భానుతేజ మాత్రం నాటకం ఆడటానికి రాలేదు. స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని నిజంగా ఎత్తడం మొదలుపెట్టాడు. పాట మధ్యలో మూలుగుతున్నాడు. అంజన్ కడ్డీ పట్టుకుని తన బరువంతా కిందికి వేలాడేశాడు. బయటినుంచి రాజు, లోపలినుంచి మామూలు మనిషి, కాసేపు హోరాహోరీగా సాగింది. ఆఖరికి రాజు ఆయాసపడుతూ ఓడిపోయానని పాడాడు. అది కూడా శ్రుతి తప్పింది.

అప్పుడు స్నేహ గొంతు వినిపించింది.

అంజన్ ఆ పాట పూర్తిగా వినడం అదే మొదటిసారి. ఇంట్లో తలుపు ఇవతల చీపురు నేలకు తగిలిన చప్పుడే వినిపించేది. సన్నటి గొంతు. పై స్థాయికి వెళ్ళినప్పుడు కొంచెం వణికింది, అయినా దిగిపోలేదు.

"లేవవే కమానూ, లేవవే..."

అంజన్ లేపాడు. అతని స్తంభం నేల విడిచింది. జనం నోటి నుంచి ఒక్కసారిగా 'అమ్మో' అని వినిపించింది. కానీ బరువు వింతగా ఉంది. కమాన్ మొత్తం అవతలి వైపుకు ఒరుగుతోంది. అవతలి స్తంభం నేలనే ఉంది. అంజన్ థర్మోకోలులో ఉన్న కన్నంలోంచి చూశాడు. స్తంభంలో ఉండాల్సిన బబ్లూ స్టేజీ ముందు నిలబడి, ఫోన్ పైకెత్తి, ఫ్లెక్సీ అంచు కిందనుంచి కనిపించినంత నెమలికి ఆఖరి ఫొటో తీస్తున్నాడు.

పిలవడానికి వీల్లేదు. దించడానికి వీల్లేదు. దించితే సీను పోతుంది. అంజన్ పళ్ళు బిగబట్టి ఇంకా పైకి లేపాడు. ప్లాస్టర్ పటపటమంది. నెమలి తోక ముందు రాలింది, తర్వాత మెడ. వంపు నడుమకు విరిగింది. అతని సగం అతని భుజం మీద గాలిలో ఉండిపోయింది, అవతలి సగం తన ఒంటి కాలి మీద తను నిలబడింది. రెండింటి మధ్య బిగుసుకున్న ఫ్లెక్సీ నుదుటి దగ్గర మొదలై గడ్డం దాకా చరచరా చిరిగింది. జోడించిన చేతులు విడిపోయి చెరోవైపు ఊగాయి.

స్నేహ ఆగకుండా తర్వాతి చరణం ఎత్తుకుంది. 'విరిగిపో' అన్న మాట ఇంకా రాకముందే విరిగింది కాబట్టి ఆ ఒక్క మాటను 'విరిగెనే' అని మార్చి పాడింది.

రాజమల్లు లేచాడు. అన్న ముఖాన్ని అన్న ముందే చించారని, ఇది ఎవరో చేయించిన పనని, నాటకం ఇక్కడే ఆపాలని కేకలు పెట్టాడు. సుష్మ టీచర్ స్టేజీకి అడ్డంగా వచ్చి నిలబడింది. లక్ష్మణరావు ఎటు చూడాలో తెలియక చెట్టు వైపు చూశాడు. పాట ఆగింది. చెప్పులు అరిగిన పెద్దమనిషి తన కమాన్ పోయిందని తల పట్టుకున్నాడు.

అన్న మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు చాలాసేపు ఆ చిరుగు వంక చూశాడు. రాజమల్లును కూర్చోమన్నాడు.

"బిడ్డా, ఇది మల్ల అతుకుతదా?"

"అతుకుతది," అంది స్నేహ. "మల్ల ఇరుగుతది గూడ. ఫంక్షన్ నాడు ఇరగాలె కదా."

అన్న ముందుకు వంగి, ఫంక్షన్ నాడు ఆ జాగాలో ఇంకొకాయన ఫ్లెక్సీ కట్టొచ్చా అని ప్రిన్సిపల్‌ను అడిగాడు. అవతలి పార్టీ ఆయనది. ఖర్చు తనదే, జనాన్ని కూడా తనే తోలుకొస్తానన్నాడు. లక్ష్మణరావు కంగారుగా, బడిలో ఏ పార్టీ ముఖమూ ఉండకూడదని, కావాలంటే సీను మాత్రం ఉంటుందని అన్నాడు. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని ఆయనకు కాస్త ఆలస్యంగా తెలిసింది. పేరూ ముఖమూ లేకుండా ఆయన ఉత్త మీసాలైనా పెట్టొచ్చా అని అన్న బేరం మొదలుపెట్టాడు. రాజమల్లు ఆ మీసాలు ఎలా ఉండాలో గాలిలో గీసి చూపిస్తున్నాడు.

స్తంభంలో అంజన్ భుజం మండిపోతోంది. లోపల ఒక మనిషి ఉన్నాడని బబ్లూకు తప్ప ఎవరికీ తెలియదు. బబ్లూ నెమలి ముక్కలు ఏరుకుంటున్నాడు. దించేయాలని ఒంట్లో ప్రతి నరమూ అడుగుతోంది.

"సార్," అంది స్నేహ, "నా పాట ఇంక అయిపోలే."

మీసాల బేరం ఆగింది.

"కానియ్," అన్నాడు లక్ష్మణరావు.

ఆ పిల్ల గొంతు సవరించుకుంది. అంజన్ కడ్డీని రెండో భుజం మీదకు మార్చుకుని, సగం కమాన్‌ను ఇంకొంచెం పైకెత్తి పట్టుకున్నాడు.